మా కొండ మీదుగా పోయిన వాదన

డిసెంబర్ రెండో వారం, మధ్యాహ్నం 2:20. మా ట్రక్కు కొండ మీది పోస్టు ముందు ఆగింది. లెబనాన్ దేశపు దక్షిణ అంచు. ఎత్తు పదకొండు వందల మీటర్లు. గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. కాలు కింద పెట్టానో లేదో, నెత్తి మీది నీలం టోపీ ఎగిరి ముళ్లకంచె అవతల పడింది. అవతల మందుపాతరలు ఉన్నాయని ఎర్ర బోర్డు. టోపీ అక్కడే ఉండిపోయింది. ఐక్యరాజ్యసమితి శాంతి దళంలో హవల్దారుగా నా మొదటి ఘనకార్యం అదే.

అప్పగింత నలభై నిమిషాల్లో అయిపోయింది. రెండు బంకర్లు. పడుకోవడానికి మూడు రేకు గదులు. ఒక కాపలా బురుజు. జనరేటర్, నీళ్ల ట్యాంకు. మూడు కాళ్ల మీద నిలబెట్టిన పెద్ద బైనాక్యులర్ ఒకటి, చేతివి రెండు. రేడియో సెట్లు రెండు, అందులో ఒకటి నెత్తిన మొట్టితే తప్ప పలకదు. మనిషికి నాలుగు కంబళ్లు. మొత్తం ఎనిమిది మందిమి, అందరికీ పెద్దను నేను.

ఆర్డర్ కూడా చిన్నదే. లెబనాన్, ఇజ్రాయెల్ దేశాల మధ్య గీత మీద కూర్చోవాలి. కనబడింది చూడాలి. టైముతో సహా పుస్తకంలో రాయాలి. రేడియోలో పైకి, అంటే బెటాలియన్‌కు, చెప్పాలి. మన మీదికి వస్తే తప్ప కాల్చకూడదు. పంతొమ్మిదేళ్లు కాల్చడం నేర్పించి, చివరికి చూస్తూ కూర్చోమన్నారని మొదట్లో నాకు కొంచెం చిన్నతనంగా ఉండేది.

మాలో తెలుగువాళ్లం ముగ్గురం. నాది గరిడేపల్లి దిక్కు, గొర్లు కాసిన ఇల్లు. రేడియో ఆపరేటర్‌ది కోదాడ. ఇరవై ఆరేళ్లవాడు, సన్నని మనిషి, చర్చిలో కీబోర్డు వాయించేవాడు. వంటవాడిది మాడుగులపల్లి, మిర్యాలగూడ పక్కన. ఊళ్లో ఉన్నన్నాళ్లూ ఒకరి ముఖం ఒకరం ఎరగం. కొండ ఎక్కాక మాత్రం మాది ఒకే వాడకట్టు.

వంటవాడికి బియ్యం మీద పట్టింపు ఎక్కువ. మిల్లుల మధ్య పుట్టినవాడు కదా. మాకొచ్చే పొడుగు బియ్యాన్ని గుప్పిట్లో తీసి, వెలుగుకు పట్టి చూసి, వారం వారం అదే మాట.

"గీ బియ్యం మా మిర్యాలగూడల కోళ్లు గూడ ముట్టయన్నా."

"కోళ్లు ముట్టకుంటే మానె. నువ్వు వండు."

"వండుతున్న తియ్. అన్నమైతదో జిగురైతదో నాకు తెల్వది."

జనవరిలో మంచు పడి ఆరు రోజులు దారి మూసుకుపోయింది. మోకాలి లోతు. ఉదయం 6 నుంచి 8 దాకా వంతులవారీగా పారలతో మంచు ఎత్తేవాళ్లం, సాయంత్రానికి మళ్లీ అంతే పేరుకునేది. కూరగాయలు అయిపోయాయి. పప్పు, ఆ జిగురన్నం, నేను ఇంటి నుంచి తెచ్చిన చింతకాయ తొక్కు. హిమాచల్ నుంచి వచ్చిన డ్రైవర్ ఆ తొక్కు నాకి, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ చెయ్యి చాపేవాడు. ఇప్పుడు తలుచుకుంటే ఇరవై ఏళ్ల సర్వీసులో ఆ ఆరు రోజులే నాకు సుఖమైన రోజులు. అలాంటి నవ్వు ఆ తర్వాత నవ్వలేదు.

మంచు కరిగాక ఉదయం 9 గంటలకల్లా కింది ఊరి గొర్లకాపరి మంద తోలుకుని వచ్చేవాడు. ఆ గొర్ల తోకలు చేటంత వెడల్పు. అతను కొన్నేళ్లు దుబాయ్‌లో మనవాళ్ల పక్కన పనిచేశాడట, పొడిపొడిగా హిందీ వచ్చు. ఒకరోజు ఒక గొర్రె కుంటుతుంటే ఉండబట్టలేక కంచె దగ్గరికి వెళ్లాను. గిట్టల మధ్య చీము. మా నాయన చేసినట్టే గిట్ట చెక్కి, ఉప్పునీళ్లతో కడిగి, వేపాకు లేదు కనుక మా మందుల పెట్టెలోని పసుపు మందు పూశాను. వారానికి గొర్రె గంతులు వేసింది. అప్పటినుంచి నన్ను చూస్తే చాలు, చేతికర్ర ఎత్తి ఊపేవాడు.

జూన్‌లో అంతా మారిపోయింది. ఇరాన్ అణుబాంబు తయారుచేసే దారిలో ఉందని, చేయనివ్వమని, ఇజ్రాయెల్ ఆ దేశపు కార్ఖానాల మీద బాంబులు వేసింది. ఇరాన్ తిరిగి క్షిపణులు వదిలింది. వాటిలో కొన్ని పోయే దారి మా నెత్తి మీదుగా పడింది.

మొదటి సాయంత్రం పుస్తకంలో నేను రాసింది ఇది: "19:52. వెలుగులు ఆరు. ఈశాన్యం నుంచి నైరుతికి. ఎత్తు చాలా ఎక్కువ. చప్పుడు లేదు." కింద మాకు పొద్దు గూకింది గానీ పైన ఇంకా ఎండ ఉంది. ఆ ఎండలో వాటి పొగ గులాబీ రంగులో సాగింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది, చాలా అందంగా ఉండింది. అందరం నోరు తెరుచుకుని చూశాం, రేడియో ఆపరేటర్ తప్ప.

అవి పోతున్న దిక్కునే, హైఫా పట్నంలో, వాడి అక్క ఉంది. మంచం పట్టిన ఒక ముసలావిడకు సేవ చేసే పని. తల్లి కూలికి పోతే వాడిని చంకన వేసుకుని పెంచింది ఆ అక్కే. ఆమెకు తొమ్మిదేళ్ల బిడ్డ, కోదాడలో అమ్మమ్మ దగ్గర చదువుకుంటోంది. ముసలావిడది నాలుగో అంతస్తు. సైరన్ మోగితే లిఫ్టు ఎక్కకూడదు, మెట్ల మీదుగా నేలమాళిగలోకి దిగాలి. ముసలావిడకు దిగే శక్తి లేదు. కనుక అక్క కూడా దిగడం లేదు.

"దిగక్కా అని మొత్తుకుంటున్నా అన్నా," అన్నాడు వాడు. "ఆమెనెట్ల ఇడిచిపెట్టి దిగాల్రా అంటది. ఆమె పక్కన కూసుని చెయ్యి పట్టుకుంటదంట."

ఆ రెండో రోజు మా వంటవాడు ఒక ఘనకార్యం చేశాడు. ఆ గులాబీ పొగను ఫోన్‌లో వీడియో తీసి ఇంటివాళ్ల గ్రూపులో పెట్టాడు. వాళ్ల ఆవిడ స్టేటస్ పెట్టుకుంది. బామ్మర్ది మిర్యాలగూడ ఫ్రెండ్స్ గ్రూపుకి, వాళ్లెవరో సూర్యాపేటకి. మర్నాటికి ఒక యూట్యూబ్ ఛానెల్లో "యుద్ధంలో మన జిల్లా వీరుడు" అని వచ్చింది. వీడియోలో మా బురుజు, దాని మీది పోస్టు నంబరు, వెనక నేను లుంగీ మీద. మధ్యాహ్నం 1:15కి మా మేజర్ సాబ్ ఫోన్. ఏడు నిమిషాలు. అందులో నేను మాట్లాడింది "సర్" అనే ముక్క ఒక్కటే.

"నేనేం చేసిన అన్నా, మా ఇంటోళ్లకే పెట్టిన," అన్నాడు వంటవాడు.

"మీ ఇంటోళ్లు రెండు జిల్లాలున్నరని నాకు తెల్వదురా."

ఆనాటి నుంచి కొత్త ఆర్డర్. క్షిపణులు వస్తున్నాయని అలర్ట్ రాగానే ఎనిమిది ఫోన్లూ తూటాల ఖాళీ పెట్టెలో పడాలి. ఇనుప పెట్టె, దానికి తాళం, తాళంచెవి నా మెడలో. ఇక ప్రమాదం లేదని పైనుంచి ఆల్ క్లియర్ వచ్చేదాకా తీయకూడదు. ఎవరి కోసమూ తీయకూడదు. నేను సంతకం పెట్టి ఒప్పుకున్నాను.

పగలు పెద్దగా పని ఉండేది కాదు. బంకర్ నీడలో టీ తాగుతూ వాదించుకునేవాళ్లం. లోకమంతా అదే వాదన అప్పుడు. ఒక దేశం చేత బలవంతంగా బాంబు మాన్పించవచ్చా, లేదా?

"మాన్పియ్యాలె," అనేవాడు వంటవాడు. "తయారైనంక ఎవడాపుతడు? రేపు కోపమొస్తే ఏస్తడు. గప్పుడు ఏడ్సి ఏం లాభం?"

డ్రైవర్ హిందీలో నెమ్మదిగా అన్నాడు. "మనకూ ఒకప్పుడు వద్దన్నారు. మనం విన్నామా?"

వినలేదు. నాకు బాగా గుర్తుంది. మన దేశం పరీక్ష చేసిందని రేడియోలో చెప్పిన రోజు మా నాయన మంద దగ్గర్నుంచి ఊళ్లోకి వచ్చి చక్కెర పంచాడు. బాంబు అంటే ఏమిటో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. చక్కెర మాత్రం తిన్నాను. కొన్నేళ్లకు నాగార్జునసాగర్ దిక్కు గుట్టల్లో యురేనియం ఉంది తవ్వుతామంటే, మన జిల్లా జనమే వద్దని రోడ్డెక్కారు. నీళ్లు పాడైతయన్నారు, గొర్లు చస్తయన్నారు. వాళ్లలో మా నాయన కూడా ఉన్నాడు. బాంబు మనకు ఉండాలి, దానికి కావలసిన మట్టి మాత్రం ఇంకెవరి ఊళ్లోనో తవ్వాలి. ఇది చెబితే డ్రైవర్ పడీ పడీ నవ్వాడు.

గొర్లకాపరిని అడిగితే వేరే మాట చెప్పాడు. "ఎవరి దగ్గర ఉందో వాళ్ల ఊరి మీద ఎవరూ వేయరు. మా దగ్గర గొర్రెలున్నాయి." అంతకుముందటి యుద్ధంలో అతని ఇంటి పైకప్పు పోయింది.

రేడియో ఆపరేటర్ ఈ వాదనల్లో నోరు విప్పేవాడు కాదు. ఒక్కసారి విప్పాడు. "మా అక్క చూసుకునే ముసలమ్మ కూడా అదే అంటదంట. చిన్నప్పుడు ఇంటిల్లిపాదినీ యుద్ధంలో పోగొట్టుకున్న మనిషంట. ఆ కార్ఖానాలు పోతేగాని నాకు నిదర పట్టదని. సరే, మాన్పించనీ అన్నా. నాకూ అదే కావాలి. కానీ మాన్పించుడు మొదలైనకాడి నుంచి మా అక్కకు నిదర లేదు. రెండు నిదర్లు ఒకేసారి ఎందుకు రావు?" వంటవాడు లేచి వాడి గ్లాసులో ఇంకొంచెం టీ పోశాడు.

ఆ ఉదయం సంగతి ఇక చెప్పాలి.

తెల్లవారేటప్పుడూ పొద్దు గూకేటప్పుడూ అందరం హెల్మెట్లు పెట్టుకుని ఎవరి చోట వాళ్లం నిలబడాలి. దాన్ని స్టాండ్-టు అంటారు. ఆ రోజు స్టాండ్-టు 4:40కి. అలర్ట్ 4:46కి వచ్చింది. ఫోన్లు పెట్టెలో వేశాను, తాళం వేశాను, పెట్టెను రేడియో బల్ల కింద తోశాను. బంకర్‌లో నేను, రేడియో ఆపరేటర్. పైన బురుజు మీద డ్రైవర్ బైనాక్యులర్‌తో. ఆకాశం బూడిద రంగు. గాలి లేదు.

4:53కి పైనుంచి డ్రైవర్ కేకేశాడు. "ఈశాన్యం. తొమ్మిది. కాదు, పద్నాలుగు." రేడియో ఆపరేటర్ అదే మాట తన గొంతుతో పైకి చెప్పాడు. నేను రాశాను.

4:55కి పెట్టె మోగింది. వాళ్ల చర్చిలో పాడే పాట. వాడి ఫోన్.

వాడు నా వైపు చూశాడు. "అన్నా. అక్క."

"ఆర్డర్ తెలుసు గద."

"తెలుసు."

పాట ఆగింది. అర నిమిషం. మళ్లీ మొదలైంది. ఇనుప పెట్టెలో నుంచి కాబట్టి ఎక్కడో నూతిలోంచి వస్తున్నట్టు ఉంది. వాడు చెవికి హెడ్‌సెట్ గట్టిగా నొక్కుకున్నాడు. డ్రైవర్ పైనుంచి చెబుతున్నాడు, వాడు పలుకుతున్నాడు, ఒక్క అంకె తప్పలేదు.

మూడోసారి మోగినప్పుడు వాడు హెడ్‌సెట్ ఒక చెవి మీంచి తీశాడు. "అక్క ఊరికే చెయ్యదన్నా. ఒక్క నిమిషం. నీ ఎదురుగానే మాట్లాడతా."

నా చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. తాళంచెవి వేళ్లకు తగిలింది. ఈ చేత్తో తీసి, ఆ చేత్తో మూస్తే ఎవరికి తెలుస్తుంది? అంతకు వారం ముందే వంటవాడి వీడియో వల్ల బెటాలియన్ పరువు పోయింది. నాకు పెన్షన్‌కు ఇంకా ఏడు నెలలు. ఈ రెండూ ఆలోచించాను. ఆర్డర్ గురించి కాదు, నా గురించే ఆలోచించాను. ఇన్నాళ్లకు ఒప్పుకుంటున్నాను.

"సెట్ చూసుకో," అన్నాను.

పాట ఆగిపోయింది. నైరుతి దిక్కున, కొండల వెనక, 5:02కి తెల్లగా మూడు మెరుపులు. చప్పుడు మాదాకా రాలేదు.

ఆల్ క్లియర్ 5:34కి వచ్చింది. పెట్టె తెరిచాను. వాడు ఫోన్ అందుకుని చేశాడు. ఎత్తలేదు. మళ్లీ. మళ్లీ. వంటవాడు టీ తెచ్చి పెట్టాడు, చల్లారిపోతే తీసుకెళ్లి ఇంకోటి తెచ్చాడు. 7:50కి ఎత్తింది. వాడు మాట్లాడింది తక్కువ, విన్నదే ఎక్కువ. ఫోన్ పెట్టేసి, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

"బానే ఉందంట," అన్నాడు. "నువ్వు తిన్నావారా అని అడిగింది."

తర్వాత వారం పాటు వాడు నాతో డ్యూటీ మాట తప్ప మాట్లాడలేదు. ఎనిమిదో రోజు సాయంత్రం కంచె దగ్గర నిలబడి ఉంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. "ముసలమ్మ పోయింది అన్నా. ఆ పొద్దున్నే, ఆ ఇంటి మీద క్షిపణి పడి. అక్క కిందికి దిగిందంట, మొదటిసారి." నన్ను ఒక్క మాట తిట్టినా బాగుండేదనిపించింది. అప్పటికి యుద్ధం ఆగింది. కార్ఖానాలు పోయాయని ఒకరు, పోలేదని ఒకరు. మా ఆకాశంలో మళ్లీ పిట్టలు తప్ప ఏమీ లేవు.

డిసెంబర్‌లో తిరిగి వచ్చాం. కొండ దిగేటప్పుడు గొర్లకాపరి కర్ర ఎత్తి ఊపాడు. వంటవాడు మిగిలిన బియ్యం సంచిని కొత్త బ్యాచ్ వంటవాడికి అప్పగిస్తూ, పాపం, దాని గుణగణాలన్నీ చెప్పి మరీ అప్పగించాడు. నాకు ఆ కొండ మీద బెంగ అని ఇంట్లో చెబితే నవ్వుతారు. కానీ బెంగే. టీ బెంగ, మంచు బెంగ, ఆ ఎనిమిది మంది గురక బెంగ.

నేను రిటైరయ్యాను. ఇప్పుడు దామరచర్ల పవర్ ప్లాంటు దగ్గర సెక్యూరిటీలో ఉన్నాను, మిర్యాలగూడలో కిరాయికి ఉంటున్నాం. ఈ మధ్య సూర్యాపేటలో ఒక కాలేజీ వాళ్లు పిలిచి శాలువా కప్పారు. ప్రశ్నలు అడగండి అంటే ఒక అమ్మాయి లేచింది.

"సర్, ఆ దేశంతోని అణుబాంబు మాన్పియ్యాల్నా, వద్దా? మీరు దగ్గరి నుంచి సూసిండ్రు గద."

నేను దేశభక్తి గురించి ఏదో చెప్పి కూర్చున్నాను. చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల మాత్రం కొట్టలేదు. ఆమెకు చెప్పవలసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. మాన్పించాలమ్మా. ఆ దేశంతోనూ మాన్పించాలి, వాళ్ల మీద బాంబులు వేసినవాళ్లతోనూ, మనతోనూ. మా నాయన పంచిన చక్కెర తిన్నవాణ్ణి, యూనిఫాం వేసుకున్నవాణ్ణి, నాకీ మాట అనడం తేలిక కాదు. కానీ కూర్చోబెట్టి మాట్లాడి మాన్పించడం వేరు, కొట్టి మాన్పించడం వేరు. కొట్టి మాన్పించాలనేవాళ్లు నాలుగో అంతస్తులో ఎవరు ఉండాలో కూడా చెప్పి మరీ అనాలి.

పోయిన నెల రేడియో ఆపరేటర్ సెలవు మీద వచ్చి ఫోన్ చేశాడు. "అక్క వచ్చింది. రా అన్నా, ఒక పూట భోజనం చేసి పోదువు." వెళ్లాను. కోదాడలో చర్చి వెనక సందు. ఆమె చేపల పులుసు వండింది. నలభై దాటని మనిషి, జుట్టు సగం నెరిసింది. బిడ్డ ఆమె కొంగు వదలకుండా తిరుగుతోంది. నేను ముద్ద కలుపుతూ కూర్చున్నాను. తమ్ముడు నీళ్ల క్యాన్ కోసం బయటికి వెళ్లిన సందు చూసి చెప్పేశాను.

"చెల్లె, ఆ పొద్దున నీ తమ్ముని ఫోన్ పెట్టెల ఉండె. తాళంచెవి నా మెడల ఉండె. మూడుసార్లు మోగింది. విన్న. తియ్యలే."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "మూడుసార్లూ వినపడ్డదా?"

"వినపడ్డది."

"వాడు చెప్పలేదు నాకు. సిగ్నల్ లేదన్నాడు." కొంచెంసేపు బిడ్డ తల నిమిరింది. "భయమేసి చెయ్యలేదన్నా నేను. అడుగుదామని చేశా. పక్కింటామె తలుపు బాదుతుంది, ఇయ్యాల దిగకపోతే చస్తావని. ముసలమ్మ మంచం మీద. ఇన్ని రోజులు లేంది ఆ పొద్దున ఇది కళ్లల్ల మెదిలింది, నా బిడ్డ. పోనా, ఉండనా అని వాణ్ణి అడుగుదామని చేశా. ఎత్తలేదు. నేనే పోయా."

"నేను తీసి ఇచ్చుంటే..."

"ఇచ్చుంటే వాడు పొమ్మనేటోడు. తమ్ముడు ఇంకేమంటాడన్నా? అప్పుడు ఆమెను ఇడిచిపెట్టింది వాడి మాట మీదయ్యేది. వాడు మొయ్యలేడు. తిండి మానేస్తాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇది నాది. నేను మోస్తాలే. నువ్వు అన్నం తిను."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. కాసేపటికి అడిగాను, పోయేటప్పుడు ఆ ముసలమ్మ ఏమన్నా అన్నదా అని.

"ఏం అనలేదు. చెయ్యి ఇట్లా అంది."

ఆమె కుడిచెయ్యి కొంచెం ఎత్తింది. వేళ్లు కిందికి వేలాడేసి, రెండుసార్లు బయటికి తోసింది. ఆరబోసిన వడ్ల మీదికి వచ్చిన కోళ్లను కూర్చున్నచోటి నుంచి అదిలిస్తామే, అలా.

ఆ కొండ మీద నేను ఎన్నో మంటలు చూశాను. అవేవీ కలలోకి రావు. వచ్చేది నేను కంటితో చూడనిది. నాలుగో అంతస్తు, తెరిచిన తలుపు, మంచం మీద నుంచి లేవలేని ఒక ముసలి చెయ్యి. పో అంటుంది. మళ్లీ పో అంటుంది.